విమానం దిగు చేను

ఖాళీ గడిని చూస్తే ఒకప్పుడు నా చెయ్యి ఆగేది కాదు. రిజిస్టరులో పుట నిండుగా ఉండాలి, అక్షరాలు వరుస తప్పకూడదు. మధ్యలో ఒక్క గడి తెల్లగా కనిపించినా పళ్ళ సందున పీచు ఇరుక్కున్నట్టు ఉండేది. ఆ దురద నన్ను ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సర్వే శాఖలో కొత్తగా చేరి, కంప్యూటరు ముందు కూర్చుని పాత రికార్డులు ఎక్కిస్తున్న పిల్లలు చదివితే నాకు చాలు. మిగతావాళ్ళు చదివినా అభ్యంతరం లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకే దివిసీమ ఉప్పెన వచ్చింది. పోయిన మనుషుల గురించి చెప్పే అర్హత నాకు లేదు, వాళ్ళ మధ్య బతికినవాళ్ళు చెప్పాలి. నేను కాగితాల మనిషిని. కరణాల ఇళ్ళలోంచి తడిసిన పుస్తకాలు గోనె సంచుల్లో మా ఆఫీసుకు వచ్చాయి. ఉప్పునీళ్ళు తాగి అట్టలు ఉబ్బిపోయాయి, సిరా పక్క పుటలకు అంటుకుంది. కొత్తవాళ్ళం నలుగురం వాటిని నీడన ఆరబెట్టి, పుటలు విడదీసి, కొత్త రిజిస్టర్లలోకి ఎక్కించాలి. పై అధికారి ఒకే ఒక్క నియమం పెట్టాడు. చదవగలిగింది రాయండి, చదవలేని గడి ఖాళీగా వదిలి ఎర్రసిరాతో గీత పెట్టండి అన్నాడు.

నా పుస్తకాల్లో ఎర్రగీతలు తక్కువగా ఉండేవి. ఆయన వారానికోసారి వచ్చి చూసేవాడు. కుర్రాడు ఎంత ఓపిగ్గా చదువుతున్నాడో చూడండని మిగతా ముగ్గురికీ నా పుటలు చూపించేవాడు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యేవాణ్ణి. నిజానికి వాళ్ళకంటే నాకు ఎక్కువ కనిపించిందేమీ లేదు. సగం అక్షరం చూసి మిగతా సగం ఊహించుకునేవాణ్ణి, అంతే.

ఇక అసలు సంగతికి వస్తాను. తొంభైల మధ్యలో నన్ను సర్వేయరుగా సముద్రం వైపు ఒక మండలానికి బదిలీ చేశారు. ఇల్లు బెజవాడ భవానీపురంలో, కొలువు అక్కడ. వారానికోసారి బస్సెక్కి ఇంటికి పోయేవాణ్ణి. నాతో గొలుసు పట్టే చైన్‌మన్ గుణదల మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద, సర్వీసులో ఇంకా పెద్ద. మాట మెత్తగా ఉండేది, కానీ చెప్పదలచుకున్నది చెప్పకుండా వదిలేవాడు కాదు. ఏడాదంతా సెలవు అడగడు. గుణదల మేరీమాత తిరునాళ్ళ మూడు రోజులు మాత్రం కలెక్టరు పిలిచినా రాడని ఆఫీసులో చెప్పుకునేవారు.

అప్పట్లో చేపల చెరువుల వేడి ఊరూరా పాకింది. వరి వేసే చేను కంటే తవ్విన చేనుకు గిరాకీ. ఒక పెద్ద ఆసామి మా మండలంలో సర్కారు భూమి ఐదెకరాలు చెరువుకు లీజుకిమ్మని అర్జీ పెట్టాడు. ఊరి రిజిస్టరులో ఆ భూమి 'విడిది పోరంబోకు' అని ఉంది. అంటే వెనకటి రోజుల్లో దొరలు, అధికారులు ప్రయాణాల్లో దిగి డేరాలు వేసుకునే సర్కారు స్థలం. హద్దులు చూపించి రిపోర్టు రాయమని, టైపు కొట్టిన రిజిస్టరు నకలుతో నాకు ఫైలు వచ్చింది. ఎవరి చేను ఎవరిదో తేల్చేటప్పుడు తలకాయలు పగులుతాయి గానీ, సర్కారు బీడు కొలవడం హాయిగా ఉంటుంది. ఒక పూటలో అయిపోతుందనుకుని బయల్దేరాను.

అక్కడికి వెళ్ళేసరికి చుట్టూ వరి కోసిన మళ్ళు, మధ్యలో పొడుగ్గా పచ్చటి మెరక. గరిక నాలుగు వేళ్ళ ఎత్తున, ఒకే తీరుగా కోసి ఉంది. రెండు పక్కలా దూరం దూరంగా రాళ్ళు, వాటి మీద ఎప్పటిదో సున్నం. ఒక మూల నేలలో సిమెంటు దిమ్మ, దాని మధ్యలో తుప్పు పట్టిన ఇనుప ముక్క. గొలుసు వేసి చూస్తే ఇరవై గొలుసుల పొడవు, రెండున్నర గొలుసుల వెడల్పు. సరిగ్గా ఐదెకరాలు. ఒక చివర అరవై ఏళ్ళ ఆవిడ కొడవలితో గడ్డి కోస్తోంది. మమ్మల్ని చూసి కొంగు తల మీదికి లాక్కుని వచ్చింది. ఆ ఊళ్ళో ఉన్న నాలుగైదు ముస్లిం ఇళ్ళలో ఒకటి ఆమెది. భర్త పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. ఆ గడ్డి గేదెలున్న ఇళ్ళకు వేసి బతుకుతోందని తర్వాత తెలిసింది.

విడిది స్థలం కొలవడానికి వచ్చామని చెప్పాను.

"ఇది విడిది కాదండీ బాబూ. విమానం దిగు చేను. మాది" అంది.

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నాకే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. సర్కారు రికార్డులో పోరంబోకని ఉందనీ, రికార్డు అబద్ధం చెప్పదనీ అన్నాను.

"రికార్డు చెప్పదు లెండి. రాసినాయన చెప్పి ఉంటాడు" అంది ఆమె. ఆ రాసినాయన ఎవరో ఆమెకు తెలీదు. నాకూ అప్పటికి గుర్తు లేదు.

కథంతా చెప్పింది. ఉప్పెనకు ముందు, వరికి దోమ పట్టి రైతులు గగ్గోలు పెడుతున్న రోజుల్లో, మందు కొట్టే విమానాల కంపెనీ ఒకటి ఆ ప్రాంతానికి వచ్చింది. దిగడానికి మెరక నేల కావాలన్నారు. ఊళ్ళో అంత పొడుగున్న మెట్ట చేను ఆమె భర్తది ఒక్కటే. కౌలుకిచ్చాడు. కంపెనీ వాళ్ళే ఆయన్ని కాపలాకు పెట్టుకున్నారు. పొద్దున్నే గేదెల్ని తోలి, గడ్డి నాలుగు వేళ్ళకు మించకుండా కోసి ఉంచడం ఆయన పని. విమానం పైకి రాగానే తెల్ల తువ్వాలు ఊపితే దిగొచ్చని గుర్తు, రంగు గుడ్డ ఊపితే గేదెలున్నాయని గుర్తు. ఒకరోజు గేదెలు అడ్డం వచ్చాయి, చేతికి రంగు గుడ్డ దొరకలేదు. కట్టుకున్న లుంగీ విప్పి ఊపాడు. ఇది చెప్పేటప్పుడు ఆమె మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది.

కొన్ని పంటలయ్యాక కంపెనీ సర్దుకుంది. మేనేజరు వెళ్తూ వెళ్తూ, వచ్చే పంటకు మళ్ళీ వస్తాం, చేను దున్నకండి అని మాట తీసుకున్నాడు. తర్వాత ఉప్పెన వచ్చింది. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ కొట్టుకుపోయాయి. కంపెనీ మళ్ళీ రాలేదు. ఆయన మాత్రం బతికున్నన్నాళ్ళూ దున్నలేదు. ఏటా గడ్డి కోస్తూనే ఉన్నాడు. ఆయన పోయాక ఆమె కోస్తోంది.

నేను ఇదంతా విని ఏం చేశానంటే, రిపోర్టు రాశాను. సర్కారు భూమి, ఆక్రమణలు లేవు, ఒక స్త్రీ గడ్డి కోసుకుంటోంది, లీజుకు ఇవ్వవచ్చు. సంతకం పెట్టి ఆ మధ్యాహ్నమే మండలాఫీసులో ఇచ్చేశాను.

టీ తాగుతూ చైన్‌మన్ నెమ్మదిగా మొదలెట్టాడు. తను నలభై ఊళ్ళలో విడిది స్థలాలు కొలిచాడట. అన్నీ రోడ్డు వారనో కాలవ గట్టు మీదో ఉంటాయట. "నాలుగు మళ్ళు దాటి, బురదలో దిగి, ఏ దొరొచ్చి డేరా వేస్తాడండీ ఇక్కడ?" అన్నాడు. నేను విసుక్కున్నాను. మన పని కొలవడం, ఆలోచించడం కాదన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి గొలుసు భుజాన వేసుకున్నాడు.

ఆ శనివారం ఇంటికి బయల్దేరాను. బస్సు కూచిపూడి దాటింది. ఆవిడ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. విమానం దిగు, విమానం దిగు. జేబులోంచి టిక్కెట్టు తీసి వెనక రాశాను. పాత కరణాలు పూర్తి మాట రాయరు, సగం రాసి చుక్క పెడతారు. 'విమా. దిగు' అని రాసి, మధ్యలో 'మా' మీద, చివర 'గు' మీద వేలు పెట్టి మూశాను. వి, ది మిగిలాయి. ఆ రెంటి మధ్య ఖాళీలో 'డి' పెడితే విడిది. అలాంటి ఖాళీలో అలాంటి అక్షరం పెట్టే మనిషి ఎవరో నాకు బాగా తెలుసు.

సోమవారం ఆఫీసు తెరవగానే బీరువా వెనక పడి ఉన్న మూటలు విప్పాను. పై ఆఫీసులో ఉండాల్సిన రెండో ప్రతిని ఎప్పుడో చెదలు తిన్నాయి గానీ, పనికిరావని కట్టి పడేసిన పాత కరణం పుస్తకం దొరికింది. ఆ సర్వే నంబరు తీశాను. భూమి వివరం గడిలో వి, ఒక మరక, ది, ఒక మరక. పక్కన భూమి ఎవరిదో రాసే గడి మొత్తం ఊదారంగు ముద్ద. ఒక్క అక్షరమూ లేదు. తర్వాత కొత్త రిజిస్టరు తీశాను. 'విడిది', పక్కన 'పోరంబోకు'. ఎర్రగీత లేదు. చేతిరాత నాది. విడిది అంటే సర్కారుదే కదా అని ఆ ఖాళీ గడిని కూడా నేనే నింపేశాను. ఎప్పుడు, ఏ ఆలోచనతో నింపానో కూడా గుర్తు లేదు. అంత తేలిగ్గా చేసిన పని అది. ఆమె కొడవలి పట్టి నిలబడ్డ ఐదెకరాలూ నా కలం కొసన పోయాయి.

చైన్‌మన్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. "మన కాగితం పోతే పక్కోడి కాగితంలో ఉంటదండీ" అన్నాడు. హద్దుల సంగతి చెబుతున్నాడని అర్థమైంది. చేను అమ్మితే దస్తావేజులో నాలుగు దిక్కులా ఎవరెవరు ఉన్నారో రాస్తారు కదా.

ఆ చుట్టుపక్కల మళ్ళు చేతులు మారినవి వెతికి, రైతుల ఇళ్ళ చుట్టూ తిరిగాం. మూడో ఇంట్లో దొరికింది. ఉప్పెనకు ముందు రిజిస్ట్రేషనైన దస్తావేజు. తూర్పు హద్దు, సాయిబు గారి విమానపు చేను అని రాసి ఉంది. ఆ రైతు ఇవ్వడానికి భయపడ్డాడు. చెరువుల ఆసామితో తగాదా పడలేనన్నాడు. చైన్‌మన్ ఆయన అరుగు మీదే కూర్చుని, ఇచ్చేదాకా కదలనన్నాడు. భోజనాల వేళ దాటాక ఇంటావిడే లోపల్నించి కాగితం తెచ్చి చేతిలో పెట్టింది.

దాంతో మండలాఫీసరు గారి దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషి, నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. దస్తావేజు చూసి, ఇది సరిపోదన్నారు. ఆ సాయిబు కంపెనీకి కాపలా ఉన్నాడు కాబట్టి జనం ఆయన చేనన్నారు, భూమి సర్కారుదే అని అవతలివాళ్ళు వాదిస్తారు. రిజిస్టరులో పోరంబోకని స్పష్టంగా ఉంది. నేను రిజిస్టరులోది నా రాత అని చెప్పాను. ఆ గడి ఊహించి నింపానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తలుపు వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించారు. అప్పుడు పుస్తకం ఇంతగా చెరిగి ఉండదని, మీరు చదివే రాసి ఉంటారని, ఇన్నేళ్ళ తర్వాత ఎవరికి గుర్తుంటుందని అన్నారు. ఈమధ్యే రిపోర్టిచ్చి మళ్ళీ మీరే కాదంటే సస్పెండవుతారు, ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు కదా అన్నారు. నన్ను కాపాడాలనే అన్నారు. పొలం మీద విచారణ పెడతాను, అక్కడ బాగా ఆలోచించుకుని చెప్పండి అన్నారు.

ఆలోచించుకోలేదని చెబితే అబద్ధం. వారం రోజులు ఆలోచించాను. చెప్పకుండా తప్పించుకునే దారులు ఎన్నున్నాయో అన్నీ వెతికాను. ప్రతి దారి చివరా ఆవిడే కొడవలితో నిలబడి ఉంది. చివరకు నా మీద నాకే కోపం వచ్చింది. పాతికేళ్ళు కూడా నిండని వయసులో మెప్పు కోసం ఒక అక్షరం పెట్టాను. ఇప్పుడు ఉద్యోగం కోసం దాన్ని అలాగే ఉంచితే, రెండోసారి రాసినట్టే. చెప్పి తీరాలని నిశ్చయించుకున్నాను. ఇంట్లో చెప్పాను. చెప్పేటప్పుడు నసగకండి అంది మా ఆవిడ.

విచారణ సరిగ్గా గుణదల తిరునాళ్ళ రోజుల్లో పడింది. చైన్‌మన్‌ను సెలవు తీసుకోమన్నాను. మరియమ్మ తల్లి ఎక్కడికీ పోదనీ, సాయంత్రం బస్సుకు వెళ్ళి ఆవిడకు నచ్చజెప్పుకుంటాననీ అన్నాడు. ఆ గరిక మీద ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేశారు. చెరువుల ఆసామి, ఆయన తెచ్చుకున్న ప్లీడరు ఒకవైపు. ఆవిడ ఒక్కతే ఒకవైపు, గట్టు మీద కూర్చుని. ఊరి రైతులు దూరంగా.

ముందు రాళ్ళు, దిమ్మ చూపించాను. దిమ్మలో ఉన్నది గాలి ఎటు వీస్తోందో తెలియడానికి గుడ్డ సంచి కట్టిన స్తంభం మొదలని చెప్పాను. దస్తావేజు చదివాను. ప్లీడరు నేననుకున్నదే అన్నాడు. కాపలావాడి పేరు హద్దుల్లో పడినంత మాత్రాన భూమి వాడిదైపోదు, ఆనాటి ఉద్యోగి తడిసిన పుస్తకం కళ్ళారా చదివి పోరంబోకని రాశాడు, ఇప్పుడు ఆ రాతను కాదనే హక్కు ఎవరికుందని అడిగాడు.

మండలాఫీసరు గారు నా వైపు చూశారు. "ఆనాడు ఆ గడి చదవడానికి వీలుగా ఉండి ఉంటుంది. అంతే కదండీ?" అన్నారు. తలుపు తెరిచి పట్టుకున్నారు ఆయన. నేను దాటితే చాలు.

"లేదండీ. ఆనాడూ అందులో ఏమీ కనపడలేదు. ఖాళీగా వదలమన్నారు. నేను వదల్లేదు. ఆ రాసింది నేనే, కల్పించి రాశాను" అన్నాను.

నసగలేదు. ప్లీడరు, రాసిస్తారా అన్నాడు. రాసిస్తానన్నాను. ఆ బల్ల మీదే కూర్చుని, ఒక్క పొడి అక్షరం లేకుండా, పూర్తి మాటల్లో రాసి సంతకం పెట్టాను. మండలాఫీసరు గారు ఆ కాగితం తీసుకుని నాకంటే ఎక్కువ బాధపడ్డారు. గట్టు మీంచి ఆవిడ లేచి నా దగ్గరికొచ్చి, తలెత్తి నా మొహం నింపాదిగా చూసింది. తిట్టలేదు, దణ్ణమూ పెట్టలేదు. "మీరా ఆ రాసినాయన" అంది. అవునన్నాను. గడ్డి మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తర్వాత జరిగింది కాగితాల తిరుగుడు. నా మీద విచారణ నడిచింది. సస్పెండు కాలేదు గానీ రావలసిన ప్రమోషను ఆగిపోయింది. నాతో కలిసి ఆ తడి పుస్తకాలు ఆరబెట్టినవాడు, ఎర్రగీతలు ఎక్కువున్నాయని రోజూ మాటలు పడ్డవాడు, నాకు పై అధికారి అయ్యాడు. అయిన మొదటి రోజే నన్ను పిలిచి కాఫీ ఇప్పించాడు. అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది. రెండు వేలు దాటిన కొన్నేళ్ళకు, ఎక్కిన మెట్టు మీదే రిటైరయ్యాను. ఇందులో నాకు అన్యాయం జరిగిందని మీరెవరూ అనొద్దు. నా తప్పుకు తగ్గదే పడింది.

తొలకరి పడ్డాక ఆర్డరు వచ్చింది. రిజిస్టరులో పోరంబోకు కొట్టేసి, ఆ భూమి ఆవిడ పేరున పట్టా మెట్టగా ఎక్కించారు. ఆ నకలు నా చేత్తో ఇవ్వాలని పొద్దున్నే వెళ్ళాను. దారి పొడుగునా నా మనసులో ఒక ఊహ ఆడుతోంది. కాగితం చూసి ఆమె కళ్ళు తుడుచుకుంటుంది, ఇద్దరం ఆ పచ్చిక మీద కాసేపు నిలబడతాం, విమానాల రోజులు చెబుతుంది. ఖాళీ గడులు నింపే అలవాటు అంత తేలిగ్గా పోదు.

గట్టు మీద ట్రాక్టరు సిద్ధంగా ఉంది. సున్నం రాళ్ళన్నీ పీకి ఒక పక్క కుప్ప పోశారు. నకలు చేతికిస్తే మడత విప్పలేదు.

"నా పేరు రాశారా?" అంది.

రాశానన్నాను. కాగితం జాకెట్టులో దోపుకుని ట్రాక్టరతనికి చెయ్యి ఊపింది. ఇది విమానం దిగిన నేలని నిరూపించడానికి నేను ఉద్యోగం ఒడ్డాను. సాయిబు గారు బతికున్నంత కాలం కాపాడిన గడ్డి. అడక్కుండా ఉండలేకపోయాను. ఆయన దున్నలేదు కదమ్మా, ఒక్క ఏడాదైనా అలా ఉంచకూడదా అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఆయన ఎవరికో ఇచ్చిన మాటకి చేను బీడైందండీ. మీరు రాసిన మాటకి చేతులు దాటబోయింది. ఇహ ఇది ఎవరి మాటా వినక్కర్లేదు. పెసలు చల్లుతా" అంది.

నేను అక్కడే నిలబడిపోయాను. ట్రాక్టరు గట్టు దిగి నా వైపే వస్తోంది.

"కాస్త పక్కకి జరగండి బాబూ" అంది. "మీరు అడ్డంగా నిలబడితే నాగలి చాలు వంకర పోద్ది."

జరిగాను.